సాంబారులో బల్లిపాటు

ఆమదాలవలస,
ఆదివారం, 23 నవంబరు 2025.

పూజ్యులైన బావగారు తిరుమలరావు మాస్టారికి, మీ బావమరిది జగన్నాధం నమస్కరించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నీలాలవలసలో మీరూ, అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను.

చూశావా బావా, రెండు ముక్కలకే కలం మొరాయించింది. మా చిన్నక్క ధనలక్ష్మి పెళ్లిలో నా చెవి పట్టుకుని వడ్డనకి ఈడ్చుకుపోయిన రోజు నుంచి నువ్వు నాకు నువ్వే. ఇప్పుడు కొత్తగా మీరు అంటే నీకు నవ్వొస్తుంది, నాకు సిగ్గేస్తుంది. కులాసా అన్నది కూడా ఉత్తరం మర్యాద కోసం రాసిందే. ముప్పై ఆరేళ్లు పాఠాలు చెప్పిన మనిషిని బడి గడప తొక్కొద్దని కాగితం ఇచ్చి ఏడు వారాలైంది. ఇంకేం కులాసా.

ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. అక్క ఒక్కసారి ఎత్తింది. నేను నోరు తెరిచేలోపే, ఒరే, నీ బల్లిని నువ్వే ఉంచుకో, మా ఇంటికాడికి తేకు అని పెట్టేసింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. చించాలనిపిస్తే చించు గాని, చదివి చించు.

ముందు వచ్చిన పని చెప్పేస్తాను. విచారణ రిపోర్టు కింద అందరి సంతకాలూ పడ్డాయి, ప్రధానోపాధ్యాయుడి సంతకం ఒక్కటే ఖాళీగా ఉంది. ఎల్లుండి మంగళవారం సాయంత్రంలోగా నువ్వు సంతకం పెడితే సస్పెన్షన్ ఎత్తేస్తారు. పెట్టకపోతే రిపోర్టు నువ్వు లేకుండానే పైకి పోతుంది, నీ మీద వేరే ఫైలు మొదలవుతుంది. మా పెద్దసారు శుక్రవారం నన్ను పిలిచి, మీ బావే కదయ్యా, నువ్వు చెబితే వింటాడు అన్నారు. కుర్చీ చూపించి కూర్చోమన్నారు కూడా. పదకొండేళ్లుగా ఆ గదిలోకి ఫైళ్లు మోస్తున్నాను, కూర్చోమన్నది ఇదే మొదలు. కాబట్టి ఈ ఉత్తరంలో సగం నాది, సగం ఆ కుర్చీది అనుకో.

సంతకం పెడితే ఏమవుతుందో దాచను. అసిరమ్మకి వంట పని పూర్తిగా పోతుంది. పోలీసు కేసు ఆమె మీద గట్టిగా నిలబడుతుంది. మీ బడిలో పదహారేళ్లు వండిపెట్టిన ముసలామె అజాగ్రత్త వల్ల సాంబారులో బల్లి పడిందని, అది తిని ముప్పై ఒక్క మంది పిల్లలు జబ్బు పడ్డారని తేలుతుంది. నువ్వు పెట్టకపోయినా అదే తేలుతుంది. కాకపోతే ఆమెతో పాటు నువ్వూ పోతావు.

నాకు తెలిసిన కథ నాకే చెబుతున్నాడని విసుక్కోకు. నువ్వు బడి వాకిట్లోంచి చూశావు, నేను ఆఫీసు బల్ల వెనక నుంచి చూశాను. ఇక్కడి నుంచి అది ఎలా కనిపించిందో నీకు తెలియాలి.

సెప్టెంబరు పన్నెండు, శుక్రవారం. మీ పిల్లలకి మధ్యాహ్నం అన్నం, సాంబారు, గుడ్డు, ఆఖర్న పల్లీ చిక్కీ. మూడింటికి రెండో తరగతి పిల్ల ఒకతె నోట్లోంచి చొంగ కారుతూ బల్ల మీద వాలిపోయింది. దాని వెనక ఇంకొకరు, ఆ వెనక మరో నలుగురు. నువ్వు దొరికిన ఆటోలూ, ఒక ట్రాక్టరూ పెట్టి అందరినీ ఆసుపత్రికి చేర్చావు. రెండు రోజుల్లో ముప్పై ఒక్కరూ తేరుకున్నారు. దేవుడున్నాడు అని మా ఆఫీసులో అందరూ అనుకున్నారు.

మూడో తరగతి తన్మయి సంగతి మాత్రం మా ఆఫీసు దాకా రాలేదు. ఆ పిల్ల తన చిక్కీ ఒక కొరుకు కొరికి, మిగతాది జేబులో వేసుకుపోయి చెల్లెలు యమునకి పెట్టింది. మన వైపు పిల్లలు అంతే కదా, నోటికి రుచిగా ఏది తగిలినా ఇంట్లో చిన్నవాళ్లకి ఒక ముక్క పట్టుకుపోవాలి. యమునకి మూడేళ్లు. శనివారం తెల్లారేసరికి ఆ పిల్ల లేదు.

అసిరమ్మ ఆ రోజు పిల్లల కంటే ముందే తింది. వండినామె రుచి చూశాకే వడ్డించాలని రూలు. రూలు లేకపోయినా ఆమె అలాగే చేసేది, మా అమ్మా అలాగే చేసేది. రుచి రిజిస్టర్లో ఆమె వేలిముద్ర పడింది. రెండు గరిటెల సాంబారు పోసుకుని తిన్న మనిషికి ఏమీ కాలేదు. చిక్కీ మాత్రం ఆమె తినలేదు. పైన రెండు, కింద మూడు పళ్లతో చిక్కీ ఏం తింటుంది? ఈ ఒక్క ముక్కతో ఒకటో తరగతి పిల్లాడైనా లెక్క తేల్చేస్తాడని నువ్వు విచారణలో బల్ల గుద్ది అరిచావట. నిజమే బావా. కానీ విచారణ చేసింది ఒకటో తరగతి పిల్లలు కాదు.

ఆ తర్వాత నువ్వు పడ్డ తిప్పలు తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ రెండూ వస్తాయి. యమున తల్లి గూట్లో దాచిన సగం చిక్కీని స్టీలు డబ్బాలో పెట్టుకుని బయల్దేరావు. రైతు బిడ్డవి, గింజ విప్పి మడతలో ఆ గులాబీ రంగు చూడగానే నీకు తెలిసిపోయింది. ఇది తినే గింజ కాదురా, ఇత్తనం గింజ, పురుగు పట్టకుండా మందు రాసిన గింజ అని నాకు ఫోన్లో చెప్పావు. సీజన్ అయ్యాక మిగిలిపోయిన విత్తనాన్ని ఎవడో చవగ్గా అమ్మాడని, ఇంకెవడో రంగు కడిగేసి బెల్లంలో కలిపేశాడని చెప్పావు. బెల్లం పాకంలో ఏ రంగైనా మునిగిపోతుంది.

ఆ డబ్బా తీసుకుని వైద్యశాఖకి వెళ్లావు. మేం మనుషుల్ని చూస్తాం గాని మిఠాయిల్ని చూడం మాస్టారూ అన్నారు. ఆహార భద్రత ఆఫీసుకి వెళ్లావు. మా అధికారి, మా సీసాలో, మా సీలు వేసి తీస్తేనే అది శాంపిలు, మీ డబ్బాలోది ఉత్త తినుబండారం అన్నారు. సరే, ఆ అధికారి వచ్చి మీ బడిలో మిగిలిన చిక్కీ తీసుకోవచ్చు కదా అంటే, పిల్లలు పడిపోయిన మర్నాడు పొద్దున్నే సరఫరాదారుడి వ్యాను వచ్చి, గడువు తీరిందని మిగిలిన పెట్టెలన్నీ పట్టుకుపోయింది. ఆ అధికారి మీ ఊరు చేరింది సోమవారం. సాంబారు గిన్నె కడిగిన నీళ్లు దొరికాయి, వాటినే సీలు వేసి పట్టుకెళ్లాడు.

వ్యవసాయం వాళ్ల ల్యాబుకి వెళ్తే, విత్తనం అయితే పరీక్షిస్తాం, చిక్కీ అయ్యాక అది విత్తనం కాదు అన్నారు. మళ్లీ ఆహారం ల్యాబుకి వెళ్తే, పురుగుమందు రాసిన గింజ అని మీరే అంటున్నారు, అలాంటప్పుడు అది ఆహారం ఎలా అవుతుంది అన్నారు. విద్యాశాఖలో, కొనేది పైవాళ్లు, మేం పంచేవాళ్లం మాత్రమే అన్నారు. చివరికి నువ్వు బస్సులు మారి, గజపతినగరం దాటాక ఆ చిక్కీ చేసే రేకుల షెడ్డు దాకా పోయావు. దానికి తాళం. అక్కడి ఆఫీసులో అడిగితే, షెడ్డు మా జిల్లాదే గాని జబ్బు పడింది మీ జిల్లా పిల్లలు కదండీ, మీవాళ్ల చేత రాయించండి అన్నారు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం.

ప్రతి ఆఫీసువాడూ నిన్ను సాగనంపుతూ చెప్పింది ఒక్కటే, సమన్వయ కమిటీకి వెళ్లండి అని. ఆ కమిటీ అంటే ఏమిటో నీకు ఆ రోజు తెలిసింది. పేరుకి తొమ్మిది శాఖల పెద్దలు సభ్యులు. దానికి గది లేదు, జీపు లేదు, ల్యాబు లేదు. ఉన్నవల్లా ఒక ఇనప బీరువా, ఒక రిజిస్టరు, సూపరింటెండెంటు జగన్నాధం. మూడు నెలలకోసారి అందరూ కలవాలి, పిల్లల నోటికి చేరే ప్రతి గింజ గురించీ ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోవాలి అని జీవోలో ఉంది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

నువ్వు నా బల్ల ముందు ఆ డబ్బా పెట్టి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఒరే జగన్నాధం, ఈ గింజల సంగతి ముందుగాల ఎవులైనా మీకు రాసినారా, ఒక్క మాట సెప్పు అన్నావు. ఫైలు చూడాలి బావా అన్నాను. నువ్వు నా మొహంలోకి కాసేపు చూసి, డబ్బా మూత పెట్టుకుని వెళ్లిపోయావు. ఆ రోజుతో మన మాటలు తెగిపోయాయి. ఫైలు చూశాను బావా. అలాంటి కాగితం ఫైల్లో లేదు. ఉంటే నీకు చెప్పనా?

సెప్టెంబరు పదిహేడున కమిటీ కూర్చుంది. అన్ని శాఖలూ ఒకేసారి ఒకే గదిలో కూర్చోవడం ఏడాదిలో అదే మొదలు. ఎజెండా ఆహార భద్రత. బల్ల మీద మైసూరుపాకు, జీడిపప్పు మూతల్లేకుండా పెట్టారు, ఈగలు ముందే హాజరయ్యాయి. ఒక్కొక్కరూ లేచి తమ శాఖ తప్పు ఎందుకు లేదో చెప్పారు. ఎవరి కాగితాలు వాళ్లకి సవ్యంగానే ఉన్నాయి. గోడ గడియారం వెనక ఒక బల్లి ఉండేది, మా సమావేశాలన్నింటికీ అది శాశ్వత సభ్యురాలు. ఒక అధికారి మన జిల్లాలో శాఖల మధ్య సమన్వయం చక్కగా ఉంది అంటుండగా అది టక్ టక్ మని పలికింది. సగం మంది వేళ్లతో బల్ల మీద కొట్టి సత్యం, సత్యం అనుకున్నారు. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆ తర్వాతే రిపోర్టులోకి బల్లి వచ్చింది.

పంచాంగంలో బల్లిపాటుకి ఫలితాలు రాసి ఉంటాయి కదా, తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి. సాంబారులో పడితే ఏమిటో పంచాంగం రాసినాయనకి తెలియదు గాని నాకు తెలుసు. ఫైలు మూతపడుతుంది. ఈ పదకొండేళ్లలో నా చేతి మీదుగా ఇలాంటివి ఏడు వెళ్లాయి, హాస్టళ్లూ, బడులూ, ఒక పెళ్లి భోజనం. ఏడింట్లో అయిదింటికి బల్లే కారణం. నీళ్లు అని రాస్తే నీళ్లవాళ్లకి కోపం, బియ్యం అని రాస్తే పౌర సరఫరాలకి కోపం, పురుగుమందు అంటే వ్యవసాయం వాళ్లు ఊరుకోరు. బల్లి ఏ శాఖ కిందికీ రాదు. దానికి లైసెన్సు లేదు, టెండరు లేదు, దాని తరఫున మాట్లాడటానికి సంఘం లేదు. ఇక మిగిలేది మూత వేయని వంటామె. ఆమెకీ ఏ శాఖా లేదు, గౌరవ వేతనం మనిషి.

ఇంటి గోడల మీది బల్లికి విషం ఉండదండీ అని ఒక కుర్ర డాక్టరు వెనక వరసలోంచి అన్నాడు. ఎవరూ విననట్టే ఉన్నారు. అది మినిట్సులోకి ఎక్కలేదు.

అసిరమ్మ వాంగ్మూలం గురించి నువ్వు పైకి రాసిన కాగితం కూడా చూశాను. మూత తీసి ఉంచిన మాట నిజమేనని, తనకి చూపు సరిగా ఆనదని, బల్లి పడి ఉండవచ్చునని ఆమే ఒప్పుకున్నట్టు ఆ వాంగ్మూలంలో ఉంది, కింద ఎడమ బొటనవేలి ముద్ర. ఈ వాంగ్మూలం ఎవరు రాశారో పేరు చెప్పండి అని నిలదీశావు. ఏం చెప్పను? విచారణకి వచ్చినవాళ్లు ఏడెనిమిది మంది, ఎవరో రాసుంటారు. ఆ రోజు అంతా హడావుడి. మా ఆఫీసు రాతల్లో పేర్లుండవని నీకు తెలియదా, గమనించడమైనది, నిర్ధారించడమైనది అంటాం, అంతే.

యమున పేరు మాత్రం రిపోర్టులో ఎక్కడా లేదు బావా. నేను మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చూశాను. బడి పిల్ల కాదు కాబట్టి విద్యాశాఖ లెక్కలోకి రాలేదు. ఆధార్‌లో తల్లి పేరు తప్పు పడిందని అంగన్‌వాడీలో చేర్చుకోలేదు, కాబట్టి ఆ శాఖ లెక్కలోనూ లేదు. ఆసుపత్రికి చేరకముందే పోయింది కాబట్టి వైద్యశాఖ లెక్కలోనూ లేదు. బాధితులు ముప్పై ఒక్కరు, మరణాలు లేవు అని ఉంది. బల్లికి దొరికిన చోటు ఆ పిల్లకి దొరకలేదు. అది చదివిన రోజు అన్నం సహించలేదు నాకు. మర్నాడు మామూలుగానే సహించింది, అదీ చెప్పాలి కదా.

అయినా సంతకం పెట్టు బావా. నీ సర్వీసు ఇంకా పది నెలలుంది. అక్కకి షుగరు పెరిగిందని విన్నాను. నువ్వు పట్టుకు తిరిగే ఆ డబ్బాని ఏ ల్యాబూ తీసుకోదు, ఏ కోర్టూ చూడదు. ఫ్రిజ్‌లో పెట్టుకుని రోజూ మూత తీసి చూసుకుంటున్నావట. నీ నిజాయితీకి ఆ పిల్ల లేచి వస్తుందా? తొమ్మిది శాఖలు ఒక మాట మీద నిలబడటం నా సర్వీసులో ఇదొక్కసారే చూశాను, ఆ ఒక్క మాటా బల్లి. దానికి ఎదురు పోయి ఏం గెలుస్తావు? అసిరమ్మకి లాయర్ని నేను చూస్తాను. మాటిస్తున్నాను.

చెప్పాల్సింది అయిపోయింది. తప్పులుంటే నీ అలవాటు ప్రకారం ఎర్ర సిరాతో దిద్దు. అక్క నన్ను తిట్టినా సరే, నేను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బావమరిది
జగన్నాధం

తా.క. సోమవారం, 24 నవంబరు, పొద్దున్న.

ఉత్తరం కవర్లో పెట్టి అంటించేశాను. ఆఫీసుకి పోతూ మీ వైపు పోయే బస్సు కండక్టరు చేతికి ఇద్దామని చెప్పులు తొడుక్కుంటుంటే గుమ్మం ముందు అసిరమ్మ నిలబడి ఉంది. పాతపట్నంలో మొదటి బస్సెక్కి వచ్చిందట. హెడ్మాస్టారి బామ్మర్ది ఇల్లెక్కడని స్టేషను రోడ్డంతా అడుక్కుంటూ వచ్చిందట. చేతిసంచిలో నాకోసం మానెడు ఉలవలు తెచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, మెట్టు మీద కూర్చుంది. మనిషి సగం అయిపోయింది బావా.

ఏం పని మీద వచ్చావమ్మా అంటే చెప్పింది. బాబూ, ఆ దినాన నువ్వు నాకాడ ఏలిముద్ర ఏయించుకున్నావు గదా, ఆ కాయితంలో ఏటి రాసినారో ఓపాలి సదివి సెప్పు అంది. మూత నేను తీసి వొగ్గేసినానని అందులో ఉన్నాదని పోలీసోలు సెప్పినారు, ఎప్పుడు తీసినానో ఎంత ఆలోసించినా గురుతు రాన్నేదు, పోపు ఏసినప్పుడా, అన్నం దించినప్పుడా, ఆ కాయితంలో రాసే ఉంతాది గదా బాబూ అంది.

ఆమె నమ్మేసింది బావా. సర్కారు కాగితంలో ఉంది కాబట్టి అది నిజమేనని నమ్మేసింది. యమునని తన చేతులతో తానే చంపానని రెండు నెలలుగా ఏడుస్తోంది. ఆ పిల్ల తల్లి ఎదురొస్తే సందులోకి తప్పుకుంటోందట. నేను చేయలేదని చెప్పుకోవడానికి రాలేదు ఆమె. ఎప్పుడు చేసిందో నేను చెబుతానని వచ్చింది.

ఆ వాంగ్మూలం రాసింది నేను. నీ బడి వరండాలో, నీ బల్ల మీదే, నువ్వు లోపల విచారణ అధికారితో గొడవ పడుతుండగా రాశాను. పిల్లల కంటే ముందు నేనే తిన్నాను, నాకేమీ కాలేదు, గిన్నె మీద మూత ఉంది అని ఆమె చెప్పింది. అదే మళ్లీ ఆమెకి చదివి వినిపించాను. కాగితం మీద ఉన్నది వేరు. నువ్వు మా మాస్టారి బామ్మర్దివి, నీ మాట సాలు బాబూ అని వేలు చాపింది. ఇంకు ఎక్కువైతే నా రుమాలుతో తుడిచాను కూడా.

బల్లి కూడా నాదే. పదిహేడో తేదీ సమావేశంలో అందరూ మాట్లాడి అలసిపోయాక పెద్దసారు, ఏం రాద్దామయ్యా అని నా వైపు చూశారు. బల్లి పడిందని రాస్తే సరిపోతుంది సార్ అన్నాను. తొమ్మిది మందీ ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు. ఆ సాంబారులో బల్లిని వేసింది నేనే బావా.

ఎందుకు వేశానో కూడా చెప్పేస్తాను. ముందుగా ఎవరైనా రాశారా అని అడిగావు. రాశారు. జగదీశ్వరి అని ఒక మండల వ్యవసాయాధికారి, పాతికేళ్ల పిల్ల, ఆగస్టు ఇరవైన రాసింది. మందు రాసిన విత్తన వేరుశనగ ముప్పై ఎనిమిది బస్తాలు స్టాకులో కనబడటం లేదు, చిక్కీలు చేసేవాళ్ల చేతికి పోయే ప్రమాదం ఉంది, బడులకీ, అంగన్‌వాడీలకీ, ఆహార భద్రతవాళ్లకీ, పక్క జిల్లాకీ వెంటనే తెలియజేయండి అని రాసింది. దాని మీద తదుపరి సమావేశంలో పెట్టవలెను అని నా చేత్తో రాసి బీరువాలో పెట్టాను. ఆగస్టు ఇరవై తొమ్మిది సమావేశం ఎవరో పెద్దమనిషి పర్యటన వల్ల వాయిదా పడింది. సెప్టెంబరు పదిది కూడా వాయిదా పడింది. ఆ పిల్ల మూడుసార్లు ఫోన్ చేసింది. ఎజెండాలో ఉందమ్మా, తొందరపడకు అన్నాను. నాలుగు ఆఫీసులకి నాలుగు ఫోన్లు, పావుగంట పని. సమావేశంలో పెట్టని కాగితం మీద ఫోన్ చేయడం మా పద్ధతి కాదు. పన్నెండో తేదీ పిల్లలు పడిపోయారని తెలియగానే నేను చేసిన మొదటి పని, ఆ కాగితం తీసి సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేయడం. ఫైల్లో లేదని నీకు రాసింది ఆ రకంగా నిజమే. జగదీశ్వరిని అక్టోబరులో బదిలీ చేశారు.

ఇదంతా అసిరమ్మకి చెప్పాను. మూత నువ్వు తీయలేదమ్మా, బల్లి లేనే లేదు, అంతా నా రాత అన్నాను. ఆమె తన బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అయితే ఇన్నాళ్లూ నేను ఏడిసింది నీ రాతకా బాబూ అంది. క్షమించమని అడగబోయాను. అది నన్నడక్కు, ఆ పిల్ల తల్లినడుగు అంది.

తర్వాత, నువ్వు సెప్పిందంతా కాయితం మీద ఎట్టి ఇయ్యి, మాస్టారు సదివితే నేనింతాను అంది. అందుకే కవరు చింపి ఇది రాస్తున్నాను, ఆమె ఎదురుగా మెట్టు మీదే కూర్చుని ఉంది. పైన రాసిన పేజీలు చించేద్దామనుకున్నాను, చించలేదు. నిన్నటి దాకా నేను నీకు ఏం చెప్పబోయానో కూడా నువ్వు చదవాలి. జగదీశ్వరి కాగితం, నా చేతిరాతతో సహా, ఇందులోనే పెట్టి అసిరమ్మ చేతికే ఇస్తున్నాను. సంతకం పెట్టకు బావా. రేపు ఇదంతా చెప్పడానికి పెద్దసారు గదికి నీకంటే ముందు నేనే వస్తాను.

అసిరమ్మకి మొదటి పేజీ నుంచి చదివి వినిపించు, ఆమెకి చూపు ఆనదని రాసిన ముక్క కూడా దాటేయకు. కింద సంతకం పెడతానంటే ఒప్పుకోలేదు. సంతకం గింతకం నాకు తెలవదు, నాకాడ ఏయించుకున్నట్టే నువ్వూ ఏలిముద్ర ఎయ్యి అంది. ఇంట్లో ఇంకు ప్యాడు లేదు, పెన్ను విప్పి సిరా పూసుకున్నాను. నాకోసం తెచ్చిన ఉలవల సంచిని ఆమె మళ్లీ తన ఒళ్లోకి తీసుకుని పట్టుకుంది, బస్సుకి వేళవుతోందట.

ఎడమ బొటనవేలి ముద్ర:
జగన్నాధం, సూపరింటెండెంటు